క్యాబినెట్ మీద స్టిక్కరు

నాలుగు రోజులుగా ఇంట్లో కంప్యూటరు లోపలినుంచి టిక్కు టిక్కుమని చప్పుడు. అది వినబడినప్పుడల్లా అనూరాధ చేతిలో పని వదిలేసి పరుగెత్తుకొస్తోంది. ఆ హార్డ్ డిస్కులో ఆమె గురువు ప్రసూనాంబ పాటలున్నాయి. శ్రీముఖలింగం వెళ్లి, ఎదురుగా కూర్చుని, ఆరేళ్లపాటు రికార్డు చేసుకున్నవి. నిరుడు గొంతుకి ఆపరేషన్ అయ్యాక ప్రసూనాంబకి మాట కూడా లేదు, అన్నీ సైగలే. ఆ పాటలు ఇంకెక్కడా లేవు.

డిస్కు మార్చాలంటే విజయనగరంలో షాపులకి కరువా? ఈ కోడలికి మాత్రం కరువే. భర్త ప్రమోద్ అక్కమొగుడు ఆనంద్‌కుమార్‌కి కంప్యూటర్ల షాపుంది. మనవాడి కొట్టుండగా పరాయి కొట్టు మెట్లెక్కడం వాళ్లింట్లో ద్రోహం. పెళ్లిలో పెట్టిన చీర మర్చిపోతారు గానీ, ఎదుటి షాపులో కొన్న బల్బు మర్చిపోయే మనుషులు కారు.

ఎచ్చెర్ల యూనివర్సిటీలో కంప్యూటర్ల విభాగంలో పనిచేసే స్నేహితురాలు అర్చన సలహా కాగితం మీద రాసుకుని, అనూరాధ భర్తతో కలిసి ఆ షాపుకే వెళ్లింది. రెండు టీబీ, మామూలు తిరిగే డిస్కు, నిదానమైనా పరవాలేదు.

ఆనంద్‌కుమార్ కాగితం వైపు చూడను కూడా లేదు, చిన్న డిస్కు పెట్టె ఒకటి తీసి బల్ల మీద పెట్టాడు. "అదేటి సెల్లెమ్మా, తిరిగే డిస్కులు ఇంకా ఎవులు కొంతన్నారు? ఎస్సెస్డీ ఎయ్యి. ఇలా నొక్కితే అలా తెరుసుకుంటాది."

"నాకు జోరు అక్కర్లేదన్నయ్యా, జాగా కావాలి. పాటలే నాలుగొందల జీబీ ఉన్నాయి. ఇది రెండొందల నలభయ్యే కదా?"

"మంచివి ఉంచుకో, మిగతావి తీసేద్దుం. ఆదివారం పదకొండింటికి నానే వొచ్చి బిగిస్తాను. పాతది పట్టుకుపోతాను."

"బావకి తెలీదేటి?" అన్నాడు ప్రమోద్.

ఏ పాట తీసేస్తుంది? ఒళ్లు మండి ఆమె కాగితం మడిచి సంచిలో పెట్టుకుంది.

శుక్రవారం పంటి నొప్పని చెప్పి శ్రీకాకుళం వెళ్లి, ముక్కూ మొహం తెలియని షాపులో తనకి కావలసిన డిస్కు కొంది. బస్సులో దాన్ని దొంగసొత్తులా కొంగు కింద పెట్టుకుని కూర్చుంటే ఏడుపొచ్చింది.

కొన్నంత మాత్రాన అయిపోలేదు. కంప్యూటరు క్యాబినెట్ మరమేకు మీద ఆనంద్‌కుమార్ షాపు స్టిక్కరు అతికించి ఉంది. అది చిరిగితే ఇక ఆయన ఆ కంప్యూటర్ని ముట్టుకోడు. చింపిన చుట్టం ఇంతవరకు లేడు.

ఆదివారం ప్రమోద్ బావ కొట్టు తెరవడానికి సాయం వెళ్లగానే అనూరాధ ఆ స్టిక్కరు గోరుతో గీకేసింది. ఫోన్లో అర్చన చెబుతుంటే, సీడీల డ్రైవుకున్న తీగలు పీకి కొత్త డిస్కుకి తగిలించింది. "పాతది ఇప్పుడు తిరుగుతోంది. ఒకసారి ఆపితే మళ్లీ తిరుగుతుందని చెప్పలేను. ఆపకు," అంది అర్చన. పాటలు ఒక్కొక్కటే కొత్త డిస్కులోకి ఎక్కసాగాయి.

పదకొండవకుండానే ఆనంద్‌కుమార్ ప్రమోద్‌ని వెంటబెట్టుకుని వచ్చేశాడు. తెరిచిన క్యాబినెట్టునీ, చిరిగిన స్టిక్కర్నీ చూశాడు.

"ఎవులు తీసినారు?"

"నేనే."

"ఎక్కడ కొన్నావు?"

"శ్రీకాకుళంలో."

ఆయన చేతిలోని డిస్కు పెట్టెని మళ్లీ సంచిలో పెట్టుకున్నాడు. కాఫీ తాగమంటే తల అడ్డంగా ఊపి వెళ్లిపోయాడు. పది నిమిషాలు గడవలేదు, ప్రమోద్ ఫోను మోగింది. అక్క. మాట్లాడుతున్నంతసేపూ అతను ఇటు చూడలేదు.

"అది ఆపేసి లే. ఇప్పుడే ఎల్లి అక్క కాళ్ల మీద పడకపోతే మనకి అక్కా లేదు, సుట్టాలూ లేరు."

తెర మీద ఇంకా నలభై ఒక్క నిమిషాలని ఉంది. పాత డిస్కు టిక్కుమంది. ప్రమోద్ చెయ్యి స్విచ్చు వైపు వెళ్లింది. అనూరాధ కుర్చీ వెనక్కి తోసి, గోడకి వీపు ఆనించి, ఆ స్విచ్చుకి అడ్డంగా నిలబడింది.

"వస్తాను. కాళ్లు పట్టుకోమంటే పట్టుకుంటాను," అంది. "నలభై ఒక్క నిమిషాలు ఆగండి."