సింహానికి చొక్కా

వీధిలో అందరూ అతన్ని అంగుళం అనే పిలిచేవారు. పాతికేళ్లుగా కుట్టుపని చేస్తున్నాడు. ఎవరైనా "కాస్త వదులుగా కుట్టండి" అంటే, "కాస్తంటే ఎంత? అరంగుళమా, అంగుళమా?" అని తేల్చుకున్నాకే మెడలోంచి టేపు తీసేవాడు. ఇంటి ముందుగదే దుకాణం. కాజాలు కుట్టడం, బొత్తాలు వేయడం, ఇస్త్రీ భార్య వంతు.

అతనికి కుక్కలంటే కోపం లేదు, అలాగని ముద్దూ లేదు. కుట్టే బట్ట మీద వెంట్రుక కనబడకూడదు, అంతే. అలాంటి ఇంటికి బావమరిది తన కుక్కను తెచ్చి దింపాడు.

బావమరిది వ్యాను డ్రైవరు, ఒంటరివాడు. మూడేళ్ల కిందట మూతబడ్డ ఫ్యాక్టరీ నుంచి సామాను తరలించడానికి వెళితే, ఇనుప డబ్బాల వెనక నక్కి ఉన్న ఈ కుక్క కనిపించింది. వ్యానెక్కించుకుని ఇంటికి తెచ్చేశాడు. పేరు చూసైనా ధైర్యం వస్తుందని సింహం అని పిలవడం మొదలుపెట్టాడు. రాలేదు. గాలికి తలుపు కొట్టుకున్నా మంచం కిందికి దూరే సింహం అది. ఇప్పుడతను మోకాలి ఆపరేషనుకి ఆస్పత్రిలో చేరాలి.

"పదిరోజులే బావా. ఇంత తిండి పెడితే మూలన పడుంటాడు."

"మూలన పడుండేవాణ్ని ఒకణ్ని పెళ్లయిన నాటినుంచీ భరిస్తున్నాగా, ఇంకొకడెందుకు?" అన్నాడు అంగుళం.

"చూశావా అక్కా నీ మొగుడి మాటలు!"

"మీ ఇద్దరి మధ్యా నా ప్రాణం తీయకండి," అంటూ ఆమె కుక్క మెడపట్టీ అందుకుంది. తమ్ముడు నవ్వుతూనే ఉన్నాడు గానీ, అతని చెయ్యి మాత్రం కుక్క చెవుల మీదనుంచి ఎంతకీ రాలేదు. గుమ్మం దాటి మళ్లీ వెనక్కొచ్చి, "దుప్పటి గోడవైపు పరుచు, అక్కా. వీపు గోడకి ఆనితే గానీ పడుకోడు," అని చెప్పి వెళ్లాడు.

మర్నాడు ఉదయం అంగుళం మిషను ముందు కూర్చున్నాడు. కొత్తగా తెరిచే క్లినిక్కుకి ముప్పై తెల్లకోట్లు కుట్టివ్వాలి. మోటారు స్విచ్చి వేసి కాలితో నొక్కాడో లేదో, దడదడమన్న చప్పుడుకి దుప్పటి మీదున్న సింహం తూటాలా లేచింది. ఇస్త్రీబల్ల బోర్లాపడింది. దాని మీదున్న నాలుగు కోట్లు నేలపాలయ్యాయి. వాటిని తొక్కుకుంటూ కుక్క గేటు దాటి వీధిలో పడి మాయమైంది.

"అయ్యో, అయ్యో!" అంటూ భార్య చెప్పులైనా వేసుకోకుండా పరిగెత్తింది. వెనకే అతనూ.

రెండు వీధుల అవతల బావమరిది ఇంటి ముందు వ్యాను నిలిపి ఉంది. దాని కిందే ఉంది సింహం, వెనకచక్రానికి అంటుకుపోయి. భార్య రోడ్డు మీద బోర్లా పడుకుని బతిమాలింది, బుజ్జగించింది, తిట్టింది. కుక్క కదల్లేదు. వణుకుతూనే ఉంది.

"వాడికి నేనేం చెప్పనండీ? ఒక్కపూట కూడా చూసుకోలేకపోయానని చెప్పనా?" అని ఆమె కళ్లు తుడుచుకుంది.

అంగుళం ఇస్త్రీ చెడని చొక్కాతోనే వ్యాను కిందికి పాకాడు. చేతికి దొరికినంత మేర కుక్కను పట్టుకుని మెల్లగా బయటికి లాగి, మళ్లీ పారిపోతుందేమోనని రెండు చేతులా గట్టిగా గుండెకి అదుముకున్నాడు. దాని గుండె అతని అరచేతి కింద కొట్టుకుంటోంది. అలాగే మోసుకుంటూ నడిచాడు. మొదటి వీధి దాటేసరికి వణుకు తగ్గింది. రెండో వీధి మలుపులో అది పెద్దగా ఒక నిట్టూర్పు విడిచి, గడ్డం తెచ్చి అతని భుజం మీద పెట్టింది.

"దించేయండి, చేతులు లాగుతాయి," అంది భార్య.

"ఉండు. ఇప్పుడే కుదుటపడ్డాడు," అన్నాడు.

సాయంత్రం పశువుల డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లి జరిగిందంతా చెప్పారు. ఆవిడ కుక్కను నిమురుతూ విన్నది.

"ఎత్తుకుంటే ఊరుకుందన్నారు కదా, అందులోనే ఉంది కిటుకు. పసిపిల్లల్ని పొత్తిళ్లలో చుడితే ఊరుకోరూ? అలా ఒంటికి పట్టి ఉండే చొక్కా తొడిగితే కొన్ని కుక్కలకి బెదురు తగ్గుతుంది. అన్నింటికీ తగ్గుతుందని మాత్రం చెప్పను. బిగుతుగా ఉండాలి, ఊపిరికి అడ్డు రాకూడదు. లోపలికి రెండు వేళ్లు దూరాలి. ఇంకోటి, భయపడ్డప్పుడే తొడిగారనుకోండి, రేపు చొక్కాని చూసే భయపడుతుంది. ముందు ఊరికే ఉన్నప్పుడు, ఏదైనా తినిపిస్తూ అలవాటు చేయండి. రోజంతా ఉంచకండి."

ఆవిడ అలమారాలోంచి ఒక చొక్కా తీసి చూపించింది. సింహానికి ఛాతీ వెడల్పు, నడుము సన్నం. పైన పట్టలేదు, కింద నిలవలేదు.

అంగుళం ఆ చొక్కాను తిరగేసి అతుకులు చూశాడు. "ఇంట్లో నేనుండగా వాడికి రెడీమేడ్ దేనికి లెండి," అన్నాడు.

జీవితంలో అంత కష్టమైన కొలత అతను తీసుకోలేదు. టేపు చుట్టబోతే సింహం గిరగిరా తిరిగేది, ఆగితే టేపు నమిలేది. భార్య ఉడికించిన కోడిమాంసం ముక్కలు ఒక్కొక్కటే అందిస్తుంటే, "మెడ పదహారు... కదలకురా... ఛాతీ ఇరవయ్యారు... కాదు, ఇరవయ్యేడున్నర, ఊపిరి పీల్చాడు వెధవ," అని గొణుక్కుంటూ సుద్దతో నేల మీదే రాసుకున్నాడు. మిషను వేస్తే మళ్లీ వ్యాను దాకా పరుగే. అందుకని పెరట్లో ముక్కాలిపీట వేసుకుని చేత్తో కుట్టాడు.

"మా తమ్ముడికి కూడా ఎప్పుడూ చేత్తో కుట్టలేదు మీరు," అంది భార్య.

"మీ తమ్ముడు మిషనుకి భయపడ్డాడా ఏనాడైనా?"

మొదటి చొక్కా గట్టి నూలుగుడ్డ, వీపున ఆరు బొత్తాలు. తొడగ్గానే సింహం బొమ్మలా బిగుసుకుపోయి, ఒక పక్కకి దభీమని ఒరిగిపోయింది. అంగుళం కంగారుగా విప్పేశాడు. నిలబడ్డ కుక్కకి కొలిచాడు గానీ, కూర్చుంటే, ఒళ్లు విరుచుకుంటే ఎంత కావాలో లెక్కలోకి తీసుకోలేదు. రెండోది సాగే గుడ్డతో కుట్టాడు. అంతా బాగానే అమరింది కానీ, విప్పేటప్పుడు వెల్‌క్రో పట్టీ చర్రుమంది. ఆ చప్పుడుకి సింహం మంచం కింద చేరి, రెండు గంటలదాకా బయటికి రాలేదు.

ఈలోగా క్లినిక్కు మేనేజరు ఫోను చేశాడు. అంగుళం తన సర్వీసులో మొదటిసారి గడువు అడిగాడు.

"ఏమైందండీ?"

"ఇంట్లో ఒకరికి ఒంట్లో బాగాలేదు."

"అయ్యో, ఎవరికి?"

"సింహానికి," అన్నాడు అంగుళం. 

ఆస్పత్రిలో పరీక్షలన్నీ పూర్తయ్యాక, ఆపరేషను ముందురోజు సాయంత్రం బావమరిది ఫోను చేశాడు. అక్కతో ఏవో జోకులేశాడు. చివర్లో గొంతు తగ్గించి, "వాడు నాకోసం వెతుకుతున్నాడా?" అని అడిగాడు. ఆమె ఫోను భర్త చేతికిచ్చింది. పరుగు సంగతి దాచి, చొక్కాల సంగతి మాత్రం పూసగుచ్చినట్టు చెప్పాడు అంగుళం. అవతల నవ్వు వినిపించింది. 

"బావా, నాక్కూడా అలాంటిదొకటి కుట్టరాదూ," అన్నాడు బావమరిది.

ఇంకెప్పుడైనా అయితే అంగుళం దగ్గర దానికి పది సమాధానాలుండేవి. ఆ సాయంత్రం మాత్రం "పొద్దున్నే వస్తా," అన్నాడు.

కుక్కను భార్యకి అప్పగించి, తెల్లారగానే ఆస్పత్రికి వెళ్లాడు. పచ్చగౌను తొడుక్కుని మంచం అంచున కూర్చున్న బావమరిది తన ఈడు కన్నా చాలా చిన్నవాడిలా కనిపించాడు. గౌను కుట్టు వంకరగా ఉందని చెప్పబోయి మానేశాడు అంగుళం. పక్కన కూర్చుని, భుజాల చుట్టూ చెయ్యి వేసి దగ్గరికి లాక్కున్నాడు. ఇద్దరికీ అది అలవాటు లేని పని. కాసేపు ఎటు చూడాలో తెలియక ఎదురుగోడ మీది గడియారం చూస్తూ కూర్చున్నారు.

"భయంగా ఉంది బావా."

"ఉంటుంది రా."

స్ట్రెచరు వచ్చేదాకా ఆ చెయ్యి తీయలేదు. తలుపులు మూసుకున్నాక కూడా అక్కడే నిలబడ్డాడు. మధ్యాహ్నం నర్సు బయటికొచ్చి అంతా బాగా జరిగిందని చెప్పాకే భార్యకి ఫోను చేశాడు.

మూడో చొక్కా కుదిరింది. సాగే గుడ్డ, పక్కన చప్పుడు చేయని హుక్కులు, పొట్ట కింద వెడల్పాటి పట్టీ. మొదట అయిదు నిమిషాలు తొడిగారు, ఆ తర్వాత పది. తొడిగిన ప్రతిసారీ ఒక మాంసం ముక్క. రెండురోజులకి చొక్కా చేతిలోకి తీసుకోగానే సింహం తనంతట తానే వచ్చి తల దూర్చడం మొదలుపెట్టింది. అప్పుడు అంగుళం మోటారు వేయకుండా, చక్రం చేత్తో తిప్పుతూ ఒక కుట్టు వేశాడు. ఆగాడు. కుక్క చెవులు నిక్కించింది గానీ లేవలేదు. ఇంకో కుట్టు. అలా ఒక్క జేబు కుట్టడానికి పూటంతా పట్టింది. తర్వాత మోటారు వేశాడు, నెమ్మదిగా. సింహం వణికింది, మూతి నాక్కుంది, గోడకి ఇంకాస్త ఆనుకుంది. అక్కడే ఉండిపోయింది. తెల్లకోట్లు రెండురోజులు ఆలస్యంగా వెళ్లాయి.

చొక్కా మంత్రమేమీ వేయలేదు. ఒక మధ్యాహ్నం పెద్ద ఉరుము ఉరిమినప్పుడు అది ఒంటిమీదున్నా సింహం ఒళ్లంతా ఊగిపోయింది. కానీ పరిగెత్తలేదు. బల్ల కిందికి వచ్చి అంగుళం కాళ్ల మధ్య ఇరుక్కుంది. అతను పని ఆపేసి, వాన వెలిసేదాకా మోకాళ్లతో దాన్ని మెత్తగా అదిమి పట్టుకుని కూర్చున్నాడు. ఒళ్లో కోటు నిండా వెంట్రుకలే.

బావమరిది చేతికర్రతో తిరిగొచ్చిన రోజు సింహం చేసిన గోలకి పొరుగువాళ్లు బయటికొచ్చారు. మూలుగుతూ, తోకతో పాటు నడుమంతా ఊపుతూ చుట్టూ తిరిగింది. మీద పడుతుందేమో, కాలికి తగులుతుందేమోనని అక్క అడ్డం నిలబడింది. అతను అరుగు మీద కూర్చుని కుక్క తల ఒళ్లో పెట్టుకుని, చొక్కా అంచు వేలితో తడిమాడు.

"కుట్టు కనబడట్లేదు బావా."

"కనబడితే అది కుట్టెందుకవుతుంది?"

కాలు కుదుటపడేదాకా అతన్ని ఇక్కడే ఉండమన్నారు. డాక్టరు నడవమన్నాడు కాబట్టి రోజూ పొద్దున్నే అంగుళం, బావమరిది, సింహం ముగ్గురూ వీధి చివరిదాకా వెళ్లివస్తున్నారు. నిన్న ఎదురుగా చెత్తబండి గడగడమంటూ వచ్చింది. సింహం ఆగి, బావమరిది మంచి కాలికి ఒళ్లు ఆనించి నిలబడింది. బండి దాటిపోయేదాకా వాళ్లిద్దరూ కూడా ఆగారు. ఎవరూ తొందరపెట్టలేదు. కాసేపటికి సింహమే ముందుగా అడుగువేసింది.