ఒక్కపూట తెరిచిన గేటు

మేకపోతు గేటు ముందు ఆగింది. దాని వెనక మంద మొత్తం ఆగింది.

గేటు బార్లా తెరిచే ఉంది. పొద్దున్నే మేనేజరు ప్రదీప్ దగ్గరుండి తాళం తీయించాడు. తుప్పు పట్టిన మడతబందులకు నూనె కూడా పోయించాడు. లోపల సోలార్ పలకల వరసల మధ్య ఇరవై అడుగుల వెడల్పున దారి, దాని చివర వంక, వంకలో నీళ్ళు. పోతు ఒకసారి లోపలికి చూసింది. తల తిప్పుకుని కంచె వెంబడి చుట్టుదారి పట్టింది. మంద దాని వెంటే మళ్ళింది.

షాకీర్ చెవులు వేడెక్కాయి.

"అవి లోపలికి ఎందుకు పోవడం లేదు?" అని ఇంగ్లీషులో అడిగింది పక్కనున్న హెన్నీ.

"కొత్తవాళ్ళను చూసి బెదిరాయి మేడమ్."

అబద్ధం అంత సులువుగా, అంత మర్యాదగా తన నోట వస్తుందని అతనికి అప్పటిదాకా తెలియదు.

ఆళ్ళగడ్డ అవతల మిట్టమీద ఆ సోలార్ ప్లాంటు వెలిసి రెండేళ్ళయింది. చుట్టుపక్కల ఊళ్ళతో మాట్లాడి సర్దుబాటు చేయడం షాకీర్ ఉద్యోగం. ప్లాంటుకు పెట్టుబడిలో పెద్ద వాటా హాలండులోని నర్సుల పెన్షన్ నిధిది. హెన్నీ ఆ దేశంలో నర్సుగా చేసి రిటైరైన మనిషి. నిధి పాలకమండలిలో పెన్షనర్ల తరఫు సభ్యురాలు. జీవాల దారి మూయకూడదన్న షరతు మీదే ఆ నిధి డబ్బు పెట్టింది. ఆ దారి నిజంగా తెరిచి ఉందో లేదో కళ్ళారా చూడటానికే ఆమె ఇంత దూరం వచ్చింది. ఉంటే రెండో దశకు సంతకం, లేకపోతే లేదు.

దారి కాగితం మీద ఉంది. గేటు పెట్టిన నెలకే రాగి తీగ ఎవరో ఎత్తుకుపోయారని తాళం వేశారు. అప్పటినుంచి మస్తాన్‌బీ జీవాలు నీళ్ళకోసం కంచె చుట్టూ నాలుగు మైళ్ళు నడుస్తున్నాయి. ఎండాకాలంలో మేకపిల్లలు దారిలోనే పడిపోతున్నాయి.

"రెండో దశ లేకపోతే నీ కుర్చీ కూడా ఉండదబ్బా," హెన్నీ వస్తోందని తెలిసినప్పుడే అన్నాడు ప్రదీప్. "మస్తాన్‌బీ మీ పెద్దమ్మే కదా. ఒక్కపూట సర్దుకో."

వారం కిందట షాకీర్ పోయి, ఆ ఒక్కపూట గేటు తీస్తారని చెప్పినప్పుడు పెద్దమ్మ ఒకటే అడిగింది: "గేటు తీస్తే సరిపోతాదా? జీవాలకు తెలియద్దా? ఇప్పట్నుంచే తీపియ్, అలవాటు చేస్తా." అతను నవ్వేసి వచ్చాడు. తల్లి పోయాక ఆ ఇంట్లోనే పెరిగాడు. పదో తరగతి దాకా ఆ మంద వెంటే తిరిగాడు. పోతు ఎటుపోతే మంద అటు పోతుందనీ, పోతు నిన్న నడిచిన దారినే ఈరోజూ నడుస్తుందనీ అతనికి ఒకరు చెప్పాలా? ఆ సంగతి మరచిపోవడానికి రెండేళ్ళ ఉద్యోగం చాలింది.

మస్తాన్‌బీ మంద వెనకనుంచి పరుగున వచ్చి పోతు కొమ్ములు పట్టుకుంది. తుమ్మకొమ్మ చూపించి, తిట్టి, లోపలికి ఈడ్చింది. మంద కదిలింది. హెన్నీ ఫోటోలు తీసుకుంది.

"రోజూ తెరిచే ఉంటుందా అని ఆమెను అడగండి."

"రోజూ తీసింటారా అని అడుగుతాంది పెద్దమ్మా."

మస్తాన్‌బీ హెన్నీని కింది నుంచి పైదాకా చూసింది. "ఎండకు మొగమెట్ల కందిపోయిందో చూడు, పాపం. నా ఈడుదే మాదిరుంది." తర్వాత అతనివైపు తిరిగింది. "నన్నెందుకు అడుగుతావ్ నాయనా? నువ్వే చెప్పు. నా నోట్లోంచి వచ్చినట్టు చెప్పు."

ఆ అబద్ధం ఆమె ఆడుతుందనుకున్నాడు. తాను మోసుకెళ్ళి అప్పజెప్పడమే అనుకున్నాడు. ఆమె దాన్ని తెచ్చి తన చేతిలోనే పెట్టింది.

"రోజూ తెరిచే ఉంటుందట. చాలా సంతోషంగా ఉందట."

సంతోషం సంగతి ఎవరూ అడగలేదు. మస్తాన్‌బీకి ఇంగ్లీషు రాదు. అతను మాట్లాడినంతసేపూ అతని మొహమే చూసింది.

నంద్యాలకు కారులో బయలుదేరారు. ఆళ్ళగడ్డలో శిల్పుల షెడ్ల ముందు ఆపమంది హెన్నీ. సగం చెక్కిన విగ్రహాలను చూసి, ఉలి చప్పుడు కాసేపు విని, మళ్ళీ ఎక్కింది. తర్వాత తన కథ చెప్పింది. పన్నెండేళ్ళపాటు వాళ్ళ పెన్షన్ పైసా పెరగలేదట. వడ్డీలు ఎంత పడిపోయాయంటే, డబ్బు దాచినందుకు వీళ్ళే ఎదురు కట్టాల్సి వచ్చిందట.

"దాచుకున్నోళ్ళే వడ్డీ కట్టాలా?" షాకీర్ ఉన్నట్టుండి నవ్వాడు. ఆమె కూడా నవ్వింది.

మనుషులు తొంభై ఏళ్ళు బతుకుతున్నారు, కొత్తగా చేరే నర్సులు తగ్గిపోతున్నారు. ముప్పై ఏళ్ళు నిలకడగా రాబడి ఇచ్చేది ఏదైనా కావాలి. అందుకే ఈ ఎండను వెతుక్కుంటూ వచ్చారు.

"ఒకప్పుడు మా డబ్బు సిగరెట్ల కంపెనీలో ఉండేది," అంది ఆమె. "నేను ముప్పై ఏళ్ళు ఊపిరితిత్తుల వార్డులో పనిచేశాను. ఆ సంగతి తెలిసిన రోజు అద్దంలో నా మొహం నేను చూసుకోలేకపోయాను. మండలిలో చేరింది అందుకే."

దారిలో సిరివెళ్ళ ఊరు వచ్చేలోపల చెప్పేయాలి అనుకున్నాడు షాకీర్. సిరివెళ్ళ వచ్చింది, పోయింది. ఉద్యోగం పోతుందని కాదు, ఈమె మొహం ఎలా మారుతుందో చూడలేక ఆగుతున్నానని తనకు తాను చెప్పుకున్నాడు. కాసేపటికి అదీ నిజం కాదని తెలిసింది. రెండు భయాలూ ఉన్నాయి. వాటిలో చూడటానికి బాగున్నదాన్ని ఏరుకున్నాడు, అంతే.

నంద్యాల స్టేషన్ దగ్గర ఆమె సంచిలోంచి గుండ్రటి బిస్కెట్ల డబ్బా తీసింది. "ఆ పెద్దావిడకు ఇవ్వండి. ఇక ఇంటికెళ్ళి సంతకం పెట్టి, నా కాఫీ నేను నిశ్చింతగా తాగుతాను."

ఆ పెద్దావిడ తన పెద్దమ్మ అని కూడా అతను చెప్పలేదు.

మర్నాడు పొద్దున డబ్బా పట్టుకుని, ప్లాంటు లోపలి దారిన గేటు దాకా నడిచాడు. తాళం వేసి ఉంది. మంద ఈపాటికి కంచె చుట్టి వంక చేరుంటుందనుకున్నాడు. చేరలేదు. గేటుకు అవతల మొత్తం నిలబడి ఉంది. పోతు ఇనుప కమ్మీలకు నుదురు ఆనించి లోపలి నీళ్ళవైపు చూస్తోంది.

"ఒక్కనాటికే నేర్చుకున్యాయి," అంది మస్తాన్‌బీ. "నిన్న కొమ్ములు పట్టి ఈడిస్తి కదా. ఈపొద్దు ఎంత కొట్టినా కదలవు."

షాకీర్ డబ్బా చూపించాడు. "ఆయమ్మ నీకిమ్మన్యాది."

"తెలిసి ఇచ్చిందా, తెలియకిచ్చిందా?"

అతను డబ్బాను కమ్మీల మధ్య నుంచి ఇవ్వబోయాడు. పట్టలేదు. అడ్డం తిప్పాడు. అప్పుడూ పట్టలేదు.

"ఉండనీలే," అంది ఆమె, కొంగు తలమీదికి లాక్కుంటూ. "ఎండ ముదరకముందే కంచె చుట్టి వంకకు పోవాల. ఇవి నా మాట ఇనేటట్టు లేవు. నువ్వే చెప్పు నాయనా. నా నోట్లోంచి వచ్చినట్టు చెప్పు."

ఆమె గొంతులో ఎత్తిపొడుపు లేదు. ఉంటే బాగుండునని అతనికి అనిపించింది.

"హేయ్," అన్నాడు. పోతు కదల్లేదు. చేతిలోని డబ్బాతో గేటు మీద గట్టిగా కొట్టాడు. పోతు ఉలిక్కిపడి ఒకడుగు వెనక్కి వేసింది. మళ్ళీ వచ్చి అదే చోట నుదురు ఆనించింది.