గుండె ఎక్కడ పెట్టారు అత్తయ్యా?

నా కోడలు తెలివైన పిల్ల. ఈ మాట తన ముఖం మీద ఎప్పుడూ అనలేదు, అంటే నెత్తికెక్కి కూర్చుంటుందని భయం. ఆసుపత్రిలో ఆపరేషన్ సామాన్లు కడిగి, ఆవిరి పెట్టెలో పెట్టి, పళ్లేల్లో సర్దే గదిలో తన ఉద్యోగం. కత్తెరలు, పట్టకార్లు, పేరు చెబితే నోరు తిరగని కొక్కేలు, దేని వరసలో అది ఉండాలట. పళ్లెంలో ఒక్కటి తక్కువైతే గుమ్మంలోంచే చూసి చెప్పేస్తుందని అక్కడి పెద్ద నర్సమ్మ నాతో స్వయంగా అంది. అలాంటి పిల్ల పరీక్ష తప్పింది. ఎందుకు తప్పిందో నాకు అంతుపట్టలేదు. అంతుపట్టనిది ఒకటి కళ్లముందు తిరుగుతుంటే నాకు ముద్ద దిగదు.

ఆ పరీక్ష గట్టెక్కితే తను కడిగే గదిలోంచి ఆపరేషన్ థియేటర్లోకి వెళ్తుంది. డాక్టర్ పక్కన నిలబడి, ఆయన నోరు తెరవకముందే కావలసింది చేతికందించే పని. పెళ్లికి ముందు నుంచీ తన కోరిక అదేనట. రెండుసార్లే రాయనిస్తారు. ఒకటి అయిపోయింది. రెండోది కూడా పోతే ఇక ఎప్పటికీ ఆ ఆవిరి గదే. మొదటిసారి తలుపేసుకుని చదివింది. నా కుట్టుమిషను చప్పుడు, అంతకు మించి నా నోరు అడ్డమని మా అబ్బాయి నిర్ణయించాడు. "అమ్మా, నువ్వు కాస్త దాని జోలికి పోకు" అన్నాడు. పోలేదు. ఏం ఒరిగింది?

శిక్షణ ఇచ్చే సంస్థవాళ్లు పుస్తకం ఇవ్వలేదు, ట్యాబ్ ఇచ్చారు. పుస్తకం దాని కడుపులో ఉందట. దాన్ని నేను పలక అంటాను. మా చిన్నప్పటి పలక పాపం ఎవర్నీ ఇంత ఏడిపించలేదు. బస్సులో తీస్తే ఎండకి తన మొహం తనకే కనబడుతుంది తప్ప అక్షరం కనబడదు. చెయ్యి తడిగా ఉంటే పేజీ కదలదు, పొడిగా ఉంటే ఆగదు. పాఠం మంచి పట్టులో ఉన్నప్పుడు పాస్‌వర్డ్ అడుగుతుంది. నిన్న చదివిన మనిషే ఇవాళా చదువుతోందని దానికి నమ్మకం కుదరదు. కోడలు ముఖ్యమైన చోటల్లా పసుపురంగు పూసుకుంటే, ఓ ఉదయం ట్యాబ్ తనంతట తాను ఏదో కొత్తగా తెచ్చుకుని ఆ రంగంతా తుడిచేసింది. రక్తం అన్న మాట ఎక్కడుందో వెతకమంటే వందల చోట్లు చూపించింది. శరీరం గురించిన పుస్తకంలో రక్తం లేనిదెక్కడ!

మా అబ్బాయి లిఫ్టులు బాగుచేస్తాడు. వాడి దగ్గర అన్ని రోగాలకీ ఒకటే మందు: "ఆపేసి మళ్లీ ఆన్ చెయ్." ఏ గొడవైనా అదే మాట. పెళ్లాం కళ్లనీళ్లు పెట్టుకున్నా అదే అంటాడేమోనని నాకు అనుమానం.

నేను ఇంట్లోనే కర్టెన్లు కుడతాను. సూది పొడిచి పొడిచి నా వేళ్ల చివర్లు గట్టిపడిపోయాయి. ఆ పలక నా వేలిని మనిషి వేలుగా గుర్తించదు. ఎంత నొక్కినా ఉలకదు పలకదు. ఓసారి తుడుస్తుంటే మోచెయ్యి తగిలింది, అప్పుడు మాత్రం పాఠాలకి పాఠాలే ఎగిరిపోయాయి.

కోడలికి సెలవున్న ఓ ఉదయం, ముందుగదిలో తను చదువుకుంటోంది, నేను మిషను దగ్గర ఉన్నాను. అబ్బాయి ఇంట్లో లేడు కనక నా నోటికి అడ్డు లేదు.

"నిన్న కాలేయం గురించి చదివావు కదా, ఏదీ, ఓ ముక్క చెప్పు."

"చదివినట్టు గుర్తుంది అత్తయ్యా. ఏం చదివానో గుర్తు రావట్లేదు. నా బుర్ర మొద్దుబారిపోయినట్టుంది."

"మరి స్కూల్లో చదివినవి గుర్తున్నాయా?"

తను కళ్లు మూసుకుంది. "ఎముకల పాఠం. కుడివైపు పేజీ, పైన అస్థిపంజరం బొమ్మ. దానికి మా అన్నయ్య మీసాలు గీశాడు. ఆ మీసాలకి కాస్త కిందగా..." అంటూ గడగడా అప్పజెప్పేసింది. ఎన్నేళ్ల కిందటి పాఠమో!

నేను మిషను ఆపేశాను. "మరి కాలేయం ఎక్కడుంది?"

"ఇదిగో, ఈ ట్యాబ్‌లో."

"అది నాకూ తెలుసు. ట్యాబ్‌లో ఎక్కడ? పైనా, కిందా, ఏ పక్క?"

"ఏ పక్కా లేదు అత్తయ్యా. అన్నీ అక్కడికే వస్తాయి. ఒకటి పోతే ఇంకోటి."

ట్యాబ్ ఇటివ్వమన్నాను. నిలువుగా పట్టుకుంటే పైవరసలో ఉన్న మాట, అడ్డంగా తిప్పేసరికి ఎక్కడికో జారుకుంది. మళ్లీ నిలువుగా తిప్పితే వెనక్కి వచ్చింది. నాకు తమాషాగా ఉండి అలా తిప్పుతూనే ఉన్నాను. మెత్తటి గుడ్డైనా గుండుసూదులు పెడితే ఓ చోట పడి ఉంటుంది కదా, ఇదేం వస్తువు? ఇంట్లో కోడలు దాన్ని నిలువుగా పట్టుకుంటుంది, బస్సులో అడ్డంగా. ఒకే పాఠం రెండు చోట్ల రెండు వేషాలు వేస్తుంటే పిల్ల దేన్ని గుర్తుపెట్టుకుంటుంది?

"ఛార్జింగ్ అయిపోతుంది అత్తయ్యా, ఇక చాలు" అని నవ్వింది కోడలు.

"సరే, నీ పళ్లెంలో చిన్న కత్తెర ఎక్కడుంటుంది?"

తన చెయ్యి దానంతటదే గాల్లోకి లేచి, ఎడమపక్కగా ఓ చోట ఆగింది. ఆ చేతిని ఇద్దరం చూశాం.

"నీకు చోటు కావాలే పిల్లా" అన్నాను. "ఈ దిక్కుమాలిన పలకలో చోటు లేదు. మనింట్లో బోలెడుంది."

ఆ రోజు నుంచి ఇల్లు ఇల్లులా లేదు. ఏ పాఠానికి ఏ చోటన్నది కోడలు తేలుస్తుంది, అక్కడే నిలబడి పైకి చదువుతుంది, నేను పక్కన నిలబడతాను. ఊపిరితిత్తులకి ముందుగది కిటికీ ఇచ్చాం, గాలికి రెండు కర్టెన్లూ ఉబ్బి తగ్గుతుంటాయని. కాలేయం పొయ్యి పక్కన. వెన్నెముక, ఎముకలు మెట్ల మీద. మూత్రపిండాలు స్నానాలగది తలుపు దగ్గరన్నప్పుడు నేను మొహం చిట్లించాను, కానీ అంతకంటే తగిన చోటు నాకూ తోచలేదు. మత్తుమందు పాఠం నా మంచానికి దక్కింది. తను చదువుతుంటే నేను నిజంగానే నిద్రపోయాను. ఆ పాఠం మాత్రం చచ్చినా మరచిపోనని కోడలు తర్వాత నవ్వి నవ్వి చెప్పింది.

గుండెకి ముందుగదిలోని చెక్క బీరువా. పైన రెండు తలుపులు, కింద రెండు. గుండెలో కూడా అలాగే నాలుగు గదులట. అయితే గుండెకి కుడి అంటే మనకి ఎడమట. నేను ఒప్పుకోలేదు.

"కుడి కుడే కదా, ఎడమెలా అవుతుంది?"

"బీరువా మనకెదురుగా నిలబడ్డ మనిషనుకోండి అత్తయ్యా. ఆ మనిషి కుడిచెయ్యి మీకే పక్కన ఉంటుంది?"

ఆ తిరకాసు బుర్రకెక్కేదాకా నేను బీరువాకి ఎదురుగా నిలబడి చేతులు తిప్పుకుంటూనే ఉన్నాను. తర్వాత ఇంకో సందేహం. పైగదిలోంచి కిందగదిలోకి దిగిన రక్తం మళ్లీ వెనక్కి ఎందుకు పోదు? మధ్యలో తలుపుల్లాంటివి ఉంటాయట, ఒకే వైపుకి తెరుచుకుంటాయట. ఎవరు మూస్తారు వాటిని? ఆ రక్తమే తోసి మూసేస్తుందట. నాకు ఆశ్చర్యం ఆగలేదు. ఇన్నేళ్లుగా నా లోపల ఇంత పనితనం జరుగుతుంటే నాకు ఒక్కరూ చెప్పలేదు!

ఇబ్బందంతా మా అబ్బాయిది. మెట్ల మీద ఆగి ఫోన్ మాట్లాడుతుంటే "ఏవండీ, జరగండి, నా వెన్నుపూస మీద నిలబడ్డారు" అంటుంది పెళ్లాం. "వంటింట్లోకి వెళ్లాలంటే భయమేస్తోందమ్మా, ఏ అవయవం మీద చెయ్యి పడుతుందో" అని నా దగ్గర మొరపెట్టుకునేవాడు.

పరీక్షకి ముందురోజు నేనొక ఘనకార్యం చేశాను. ఓ పెద్ద హాలుకి కర్టెన్లు కావాలని ఆర్డరొచ్చింది. అంత పొడవు గుడ్డ నేలమీద పరిచి, ముడత లేకుండా లాగి, సుద్దతో గీతలు గీస్తే తప్ప కత్తెర పెట్టను. ముందుగది చాల్లేదు. కోడలు ఆసుపత్రికి వెళ్లాక, అబ్బాయి పనికి వెళ్లేలోపు వాడి చేత బీరువా తోయించి పడకగదిలోకి చేర్పించాను. గుడ్డ పరిచాను. పరిచాక దానిమీద ఎవర్నీ కాలు పెట్టనివ్వను, ఇంట్లోవాళ్లంతా గోడ అంచున నడవాల్సిందే. సగం కత్తిరించాను కూడా.

సాయంత్రం అబ్బాయి ముందొచ్చాడు, వెనకే కోడలు వచ్చింది, చివరిసారి అన్ని చోట్లూ ఓ చుట్టు చుడదామని. గుమ్మంలోనే ఆగిపోయింది.

"అత్తయ్యా, గుండె ఎక్కడ పెట్టారు?"

"పడకగదిలోకి జరిపించాను, అడ్డంగా ఉందని" అన్నాను, గీతమీంచి తల ఎత్తకుండానే. అన్నాక తలెత్తి చూశాను. పిల్ల మొహంలో నెత్తురు చుక్క లేదు.

గోడ అంచునే నడిచి పడకగదిలోకి వెళ్లింది. కాసేపటికి తిరిగొచ్చింది. "అక్కడ అది ఉత్త బీరువా అత్తయ్యా" అంది మెల్లగా.

ఏం చెయ్యాలో తోచక అబ్బాయి మీద విరుచుకుపడ్డాను. "తోసేటప్పుడు నీకైనా బుద్ధుండద్దూ?"

"నేనా? తోయమని నా ప్రాణం తీసిందెవరు?" అన్నాడు వాడు. వాడు అన్నది నిజమే కనక నాకు ఇంకా కోపమొచ్చింది.

"చుట్టేస్తాను ఈ గుడ్డ. పోతే పోయింది. పట్టుకోరా ఆ చివర, బీరువా తెద్దాం" అన్నాను.

"ఉండండి" అంది కోడలు.

చెప్పులు విడిచి, సుద్ద గీతల మీంచి నేరుగా నడుచుకుంటూ వెళ్లి బోసిగోడ ముందు నిలబడింది. నా గుడ్డ మీద! నేను కిక్కురుమనలేదు. తను కళ్లు మూసుకుని చెయ్యెత్తింది. గాల్లో ఎడమపక్క పైతలుపు తీసింది. "ఒళ్లంతా తిరిగిన రక్తం ఇందులోకి" అంది. కిందతలుపు తీసింది. అక్కడినుంచి కిటికీ వైపు తిరిగింది, ఊపిరితిత్తులన్నమాట. మళ్లీ వచ్చి కుడిపక్క పైతలుపు, దాని కిందతలుపు. ఏ తలుపు ఎప్పుడు మూసుకుంటుందో, ఏ చప్పుడు దేనిదో, ఎక్కడ అడ్డుపడితే ఏమవుతుందో, అంతా చెప్పింది. అబ్బాయి ట్యాబ్ పట్టుకుని పేజీలు తిప్పుతూ సరిచూశాడు. ఒక్క తప్పు లేదు.

"అక్కడే ఉంది అత్తయ్యా" అంది కళ్లు తెరిచి. తనకే నమ్మబుద్ధి కానట్టు గోడని చేత్తో తడిమి చూసింది. మీరు బీరువా జరిపినా గుండె ఎందుకు కదల్లేదు అని నన్నే అడిగింది. నాకేం తెలుసు?

మర్నాడు నేనూ వెంట వెళ్లాను. పరీక్ష కూడా కంప్యూటర్ మీదేనట. ఒక ప్రశ్న దాటితే మళ్లీ వెనక్కి పోనివ్వదట. బయట బెంచీ మీద కూర్చుని, నాకు తెలిసిన దేవుళ్లందర్నీ విసిగించాను. పూర్తవగానే ఫలితం తెరమీదే చూపిస్తుంది. కోడలు బయటికొచ్చింది. మొహం చూస్తే ఏమీ తెలియలేదు. దగ్గరికొచ్చి, నా చెయ్యి పట్టుకుని, "పాసయ్యాను అత్తయ్యా" అంది. అంతమంది మధ్యలో నేను బావురుమన్నాను. సిగ్గేం పడలేదు.

తిరుగుబస్సులో ఇద్దరికీ సీట్లు దొరికాయి. ఏం అడిగారు, ఏం రాశావు అని నేను ప్రాణం తోడేస్తూనే ఉన్నాను.

"ఆపరేషన్‌కి ముందు చేతులెలా కడుక్కోవాలని అడిగాడు అత్తయ్యా. ఆ పాఠానికి మనం ఇచ్చిన వంటింటి సింకు దగ్గరికి మనసులోనే వెళ్లాను. పాఠం ఒక్క ముక్క రాలేదు. ఈలోపు మీరొచ్చారు. 'చేతులలా పైకెత్తి పెట్టుకుంటే నీళ్లు మోచేతుల దాకా కారవుటే? ఒళ్లంతా తడుపుకుంటారా మీ డాక్టర్లు?' అన్నారు. కారాలి, వేళ్లనుంచి మోచేతివైపే కారాలి అని ఆవేళ మీకు చెప్పాను కదా. దాంతో మొత్తం వచ్చేసింది."

"నేనెక్కడొచ్చాను, బయట బెంచీ మీదుంటే?"

"ప్రతిచోటా ఉన్నారు. కిటికీ దగ్గర ఉన్నారు, పొయ్యి దగ్గర ఉన్నారు. బీరువా లేకపోయినా గుండె ఎందుకు పోలేదో నాకు అక్కడ కూర్చున్నాక తెలిసింది. మీరు ఆ గోడ ముందే నిలబడి కుడేదీ ఎడమేదీ అని నాతో పోట్లాడుతున్నారు."

నేను కిటికీ వైపు తిరిగాను. బయట ఏం ఉందో నాకు కనబడలేదు.

"అన్నీ రాసేశావా మరి?" అని అడిగాను, ఏదో ఒకటి అడగాలి కనక.

"లేదు, కొన్ని పోయాయి. విరిగిన ఎముక అతుక్కునే వరస అడిగాడు. మెట్ల దగ్గరికి వెళ్లాను. మెట్లున్నాయి, రెయిలింగ్ ఉంది, నేనున్నాను. పాఠం లేదు. ఎంతసేపు నిలబడ్డా రాలేదు." కోడలు నా భుజం మీద తల ఆనించింది. "ఆ పాఠం చదివిన రోజు మీరు ఇంట్లో లేరు అత్తయ్యా. ఎవరింట్లోనో కర్టెన్లు తగిలించడానికి వెళ్లారు."

పాసయిన పిల్లని పక్కన పెట్టుకుని, ఇల్లు చేరేదాకా నన్ను నేను తిట్టుకుంటూనే ఉన్నాను. ఆ కర్టెన్లు మర్నాడు తగిలిస్తే ఎవరి కొంప మునిగేది!