సొన పట్టిన వేలు

2021 మే నెల, రెండో వేవ్. ఆగిరిపల్లి పక్కన మా కాలనీలో పదకొండు మందికి కరోనా పట్టుకుంది. ఒక్కరినీ ఆసుపత్రికి పోనివ్వనన్నాను. నా పేరు పెద్దిరాజు, మామిడి కోత కూలీల సంఘం నడిపేవాణ్ని. బడి చదువు ఐదో తరగతితో సరి, మిగతాదంతా పాత పేపర్లు చదివి నేర్చుకున్నదే. ఆసుపత్రికి పోయినవాళ్ళు సంచిలో మూటై తిరిగొస్తున్నారని, ప్రైవేటు వాళ్ళు పీనుగుల మీద బతుకుతున్నారని వీధి వీధీ తిరిగి అరిచాను. ఇంట్లో గాలి, ఇంట్లో గంజి చాలన్నాను. జనం నమ్మారు. పదిమంది విషయంలో నా మాట నిలబడింది కూడా.

పదకొండోవాడు ఇన్నయ్య. నాకు బావ వరస. కొమ్మ చివరికంటా పాకి చిక్కంతో కాయ దించడంలో మా జట్టులో వాడి తర్వాతే ఎవరైనా. వాడి భార్య జోజమ్మ కింద కూర్చుని తొడిమలు తుంచేది. కోత రోజుల్లో మా అందరి వేళ్ళూ ఒకటే రంగు. మామిడి సొన పట్టి గోళ్ళ చుట్టూ నల్లగా మాడిపోయి ఉంటాయి.

జ్వరం వచ్చిన ఆరో రోజు ఆశా కార్యకర్త షీబా వాడి వేలికి ఆక్సీమీటర్ పెట్టింది. ఎనభై ఏడు.

"బాబాయ్, తొంభై నాలుగు కింద ఉంటే ఇంట్లో ఉంచకూడదు. 108కి ఫోన్ చేస్తున్నా."

"ఆగమ్మాయ్" అన్నాను నేను. "ఆ వేలు చూడు, బొగ్గులా ఉంది. దాంట్లోంచి నీ మిషన్ లైటు ఎట్టా దూరుద్ది? గోళ్ళకి రంగుంటే తప్పు చూపిస్తుందని నువ్వే కదా చెప్పావ్?"

"నేను చెప్పింది గోళ్ళరంగు గురించి. నువ్వేమన్నా డాక్టరువా?"

మంచం మీంచి ఇన్నయ్య నవ్వాడు. "మిషన్‌కి నేను నచ్చలేదమ్మాయ్. మా ఆవిడకీ మొదట్లో నచ్చలేదు."

అంత తేలిగ్గా మాట్లాడేవాడికి ఊపిరి చాలడం లేదని నేననుకోలేదు. వేలు కడిగి రేపు చూద్దామన్నాను. షీబా మిషన్ అక్కడే వదిలి, నన్ను తిట్టుకుంటూ పోయింది.

ఆ రోజంతా వాడి వేలు తోమాం. కిరసనాయిలుతో, నిమ్మచెక్కతో, ఇసుకతో. ఆక్సిజన్ కావలసిన మనిషి దగ్గర కూర్చుని మేం చేసిన వైద్యం అది.

తెల్లారి ఎనభై ఒకటి. చర్మం లేచింది గానీ మరక పోలేదు.

"మరక ఇంకా ఉంది, అందుకే" అన్నాను. సిగ్గు లేకుండా అన్నాను.

జోజమ్మ మిషన్ తీసి తన వేలికి పెట్టుకుంది. ఆ వేలు ఇన్నయ్య వేలికంటే నలుపు. తొంభై ఏడు.

"నాదీ సొన వేలే, అన్నయ్యా" అంది.

108 వచ్చేసరికి మధ్యాహ్నమైంది. ఆసుపత్రిలో ఆక్సిజన్ పెట్టారు, ఇంజెక్షన్లు చేశారు, బోర్లా పడుకోబెట్టారు. నేను నోటికొచ్చినట్టు తిట్టిన మనుషులే, ఆ ప్లాస్టిక్ తొడుగుల్లో చెమటతో ముద్దయిపోతూ వాడి కోసం పరుగులు పెట్టారు.

డాక్టరమ్మ నా మొహం మీదే చెప్పింది. "నిన్న తెచ్చుంటే బతికేవాడని నేను చెప్పలేను. కానీ నిన్న తేవాల్సిందండీ."

నాలుగో రోజు ఇన్నయ్య పోయాడు.

పదిమంది ఇంట్లోనే లేచి తిరుగుతున్నారు కదా అని జనం నన్ను ఊరడించబోయారు. వాళ్ళకి ఇల్లు సరిపోయింది, నిజమే. ఆ పదిమందికీ మిషన్‌లో అంకె తొంభై ఐదుకి తగ్గలేదు. ప్రైవేటు దోపిడీ కూడా నిజమే, దాని మీద ఇప్పటికీ అరుస్తాను. కానీ ఇన్నయ్యకి ఇల్లు చాలదని అంకె చెబుతుంటే, నా కోపానికి అది వినపడలేదు.

వారం తర్వాత జోజమ్మ దగ్గరికి పోయాను. "తప్పు నాదేనమ్మా" అన్నాను.

"షీబా చెప్పింది, నేనూ పోదామన్నాను. ఆయన వినలేదు అన్నయ్యా. పెద్దిరాజు చెప్పాడుగా అన్నాడు."

తిట్టలేదు. కుర్చీ లాగి కూర్చోమంది. నేను కూర్చోలేకపోయాను.