ఏడో సైటు ట్యాంకు

నేను ఒక దుర్భిణిని. చదువుకున్నవాళ్ళు బైనాక్యులర్ అంటారు. ఎలా పిలిచినా నాకు పట్టింపు లేదు, మెడలో వేసుకుని తిప్పితే చాలు. నా వయసు అడక్కండి. తోలు తొడుగు చూసి ఎవరికి తోచింది వాళ్ళు అనుకుంటారు.

కలకత్తాలో, ట్రాము వెళ్ళినప్పుడల్లా గోడలు అదిరే ఒక ఇరుకు కార్ఖానాలో పుట్టాను. మా జాతి రహస్యం ఒకటి చెబుతాను. నా ముందువైపు ఉన్న పెద్ద కళ్ళు లోకాన్ని తలకిందులుగా, కుడిఎడమలు తారుమారుగా పట్టుకొస్తాయి. పొట్టలో ఉన్న గాజు దిమ్మలు దాన్ని సరిచేసి చూపిస్తాయి. ఆ దిమ్మల్ని బిగించిన ముసలాయన నన్ను కిటికీకి పెట్టి, ఎదుటి మేడ మీద కాకిని చూసి, "బాగుంది" అన్నాడు. కాకి సరిగ్గా ఉందన్నాడో, నేను సరిగ్గా ఉన్నానన్నాడో తెలీదు కానీ, అప్పట్నుంచీ నాకు ఒకటే గర్వం. నేను దేన్నీ తిరగేసి చూపించను.

మొదటి యజమాని సముద్రపుటొడ్డున లైట్‌హౌసులో ఉద్యోగి. ఆయనా నేనూ కలిసి పద్దెనిమిదేళ్ళు నీళ్ళు చూశాం. అప్పుడప్పుడూ ఒక పడవ వచ్చేది. ఆయన పోయాక అల్లుడుగారు "మామగారి గుర్తు" అంటూ కళ్ళొత్తుకుని నన్ను తీసుకెళ్ళాడు. ఆ గుర్తును ఆయన ఎందుకు వాడాడయ్యా అంటే, డాబా ఎక్కి పక్కింటివాళ్ళు ఏ వడియాలు పెట్టారో, ఎదురింటికి ఏ చుట్టాలొచ్చారో చూడ్డానికి! నేను సిగ్గుతో చచ్చిపోయేదాన్ని. ఒకరోజు పక్కింటావిడ చీపురు పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. మర్నాటికల్లా నేను తెనాలిలో పాత సామాన్ల కొట్లో, హార్మోనియం పెట్టెకీ తుప్పుపట్టిన ఇస్త్రీ పెట్టెకీ మధ్యన ఉన్నాను.

అక్కడికి వచ్చింది మా నాంచారమ్మ. యాభై ఎనిమిదేళ్ళ మనిషి, బొద్దుగా, చంకలో సంచీతో. నన్ను తీసి అటూఇటూ తిప్పి అడిగింది.

"దీంతో చూస్తే ట్యాంకు పైన రాసింది కనపడుద్దా?"

"ట్యాంకేందమ్మా, చందమామలో కుందేలు కూడా కనపడుద్ది" అన్నాడు కొట్టువాడు.

"కుందేలు నాకెందుకయ్యా, ట్యాంకు సంగతి చెప్పు."

నన్ను కొన్నది సరదాకి కాదు. నలభై ఏళ్ళుగా మొగుడు చెబుతున్న ఒక మాట నిజమో కోతో తేల్చుకోవడానికి.

ఆ మొగుడు అంకయ్య మేస్త్రి. ఊళ్ళలో మంచినీళ్ళ ట్యాంకులు కట్టేటప్పుడు కాంక్రీటు పొయ్యడానికి ముందు చెక్కలతో దాని ఆకారం బిగించాలి. ఆ పనిని సెంట్రింగు అంటారు. జీవితమంతా ఆ పనే చేసి, మోకాళ్ళు మొరాయిస్తే మానేశాడు. ఆయన నాంచారమ్మకి మేనత్త కొడుకు. అసలు ఆవిడకి ముందు కుదిరింది ఒక బస్సు కండక్టరు సంబంధం. పెళ్ళి పది రోజులుందనగా అవతలివాళ్ళు తప్పుకున్నారు. అప్పుడు మేనత్త, "మావాడికిచ్చి చెయ్యరా తమ్ముడూ, పరువు దక్కుద్ది" అంది. అదే ముహూర్తానికి అంకయ్య తాళి కట్టాడు. బావ మనసుండి కట్టాడా, వాళ్ళమ్మ కట్టమందని కట్టాడా అన్నది ఆవిడ గుండెలో ముల్లు. ఇద్దరు పిల్లలు పుట్టి, వాళ్ళకి పెళ్ళిళ్ళయినా ఆ ముల్లు అక్కడే ఉంది.

మొదటి రాత్రే అడిగిందట. ఆయనేమో, "పిచ్చిదానా, రెండేళ్ళ కిందటే నీ పేరు ట్యాంకు మీద అచ్చేశానే!" అన్నాడు.

"ఏ ఊళ్ళో?"

"ఏడో సైటులో."

"అదేం ఊరు బావా?"

ఇదీ చిక్కు. ఆ రోజుల్లో కంట్రాక్టరు కూలీల్నీ చెక్కల్నీ ఒకే లారీలో వేసి తీసుకెళ్ళి దించేవాడు. ఒకటో సైటు, రెండో సైటు అనడమే తప్ప ఊరి పేర్లు ఎవరూ చెప్పేవాళ్ళు కాదు, వీళ్ళూ అడిగేవాళ్ళు కాదు. పంతొమ్మిదేళ్ళవాడికి అన్నం డేగిసా కనపడితే చాలు, ఊరి పేరుతో పనేముంది! ఇంకో సంగతి. సెంట్రింగు బిగించినవాళ్ళు కాంక్రీటు పోసిన మర్నాడే ఇంకో సైటుకి వెళ్ళిపోయేవాళ్ళు. మూడు వారాలకి చెక్కలు ఊడదీసేది వేరే మనుషులు. అందుకని అంకయ్య చెక్క మీద పేరైతే చెక్కాడు గానీ, అది కాంక్రీటులో ఎలా పడిందో కళ్ళారా చూడలేదు. ఆయనకి గుర్తున్నవి రెండే. ట్యాంకు పక్కన కాలవ లాకు ఉంది. రెండో వరస అడ్డదూలం బెత్తెడు వంకర, అదీ ఈయన చలవే.

"చెప్పేవాడికి సిగ్గు లేకపోతే వినేవాళ్ళకన్నా ఉండాల" అనేది నాంచారమ్మ. అయితే ఈమధ్య ఆ కాలం నాటి ట్యాంకులు పెచ్చులూడుతున్నాయని ఒక్కొక్కటే పడగొట్టేస్తున్నారు. ఏడో సైటు కూడా పడిపోతే ఆ మాట నిజమో కాదో ఈ జన్మకి తేలదు. ఆ భయంతోనే నన్ను కొంది.

ఇక మా ఆదివారాల వైభోగం ఏమని చెప్పను! తెల్లారకముందే పులిహోర, పెరుగన్నం, మంచినీళ్ళ సీసా సర్దుకుని పాత స్కూటరు ఎక్కేవాళ్ళం. పెద్ద రోడ్లు మాకు అక్కర్లేదు. కాలవ గట్లు, లంక దారులు, గేదెలు అడ్డం నిలబడే డొంకలు. ఆ స్కూటరుకి కుడిపక్కన ఒక గుండ్రటి అద్దం ఉండేది. నాకూ దానికీ పడేది కాదు. వెనక్కి చూడ్డం తప్ప ఏమీ తెలీదు, పైగా కుడిని ఎడమ చేసి చూపిస్తుంది. అలాంటిదాన్ని పక్కన పెట్టుకుని నేను ఊరేగడమా అనుకునేదాన్ని.

ఊరికంటే ముందు ట్యాంకు కనపడుతుంది. తాటితలల పైన ఒక బుర్ర లేచేసరికి నాంచారమ్మ మొగుడి వీపు మీద ఒక్కటి చరిచేది. "బావా, అదిగో!" బండి ఆగేది. నేను ఆవిడ కళ్ళకి. ఎన్ని రకాలు! బోర్లించిన గొడుగులాంటిది ఒకటి, గంపలాంటిది ఒకటి. నీలం రంగు వేసి తామరపూలు గీయించుకున్న షోకిలా ఒకటి. సర్పంచి పేరు ఊరి పేరుకన్నా పెద్దగా రాయించుకున్నవైతే లెక్కలేదు. మనుషులు దాహానికి కట్టుకున్నదాని మీద కూడా ముందు తమ పేరే చూసుకుంటారు, ఏం చేస్తాం. అంకయ్య కింద నిలబడి, "ఇది పన్నెండు కాళ్ళది. ఇది బాగా కట్టారు. ఇదెవడో తాగి కట్టాడు" అని తీర్పులిచ్చేవాడు. నాంచారమ్మ నోటు పుస్తకంలో ఊరి పేరు, రంగు, కాళ్ళు రాసి, చివర్లో "లేదు" అని రాసేది. అంటే తన పేరు లేదని.

ఇంకో తమాషా. మెడలో దుర్భిణి, చేతిలో పుస్తకం చూసి ప్రతి ఊళ్ళోనూ మమ్మల్ని గవర్నమెంటువాళ్ళనుకునేవాళ్ళు. "అమ్మా, మా వీధి కుళాయికి మూణ్ణెల్లనుంచి నీళ్ళు రావట్లా" అని ఆడవాళ్ళు చుట్టుముట్టేవాళ్ళు. మొదట్లో "మేము వాళ్ళం కాదమ్మా" అనేది నాంచారమ్మ. ఎవరూ నమ్మలేదు. తర్వాత మానేసి, ఆ ఫిర్యాదులన్నీ బుద్ధిగా రాసుకుని పంచాయతీలకి కార్డుముక్కలు వెయ్యడం మొదలుపెట్టింది. ఒక ఊళ్ళో నిజంగానే కుళాయి బాగుచేశారట. తర్వాత ఆ దారిన వెళితే మమ్మల్ని కూర్చోబెట్టి జున్ను పెట్టారు.

రెండేళ్ళలో పుస్తకంలో నూట నలభై ట్యాంకులూ, నూట నలభై "లేదు"లూ చేరాయి. నిజం చెప్పొద్దూ, ఆవిడ మొగుడి మాట నిజమో కోతో తేల్చుకోవడం సగం మర్చిపోయింది. గట్టు మీద కూర్చుని ఆయనకి పులిహోర పెడుతూ నవ్వే నవ్వు చూస్తే నాకే ముచ్చటేసేది. కానీ ఇంటికొచ్చి పుస్తకం మూసేటప్పుడు మాత్రం ముఖం చిన్నబోయేది.

మాఘమాసంలో ఒక ఆదివారం గుల్లలపాడు అనే ఊరికి వెళ్ళాం. కాలవ లాకు. లాకు పక్కన పెచ్చులూడిన ముసలి ట్యాంకు. దాని కాలికి "ప్రమాదం, దగ్గరికి రావద్దు" అని ఎర్రరంగుతో రాసి ఉంది. అవతల కొత్త ట్యాంకుకి కాళ్ళు లేస్తున్నాయి. కుళాయి దగ్గర బిందె పెట్టుకున్న ఆవిడ, "రేపే పడగొడతారంట" అంది.

అంకయ్య రెండో వరస అడ్డదూలం కేసి చూశాడు. బెత్తెడు వంకర.

"నాంచారీ," అన్నాడు. "ఇదేనే. లాకు వైపు, పై అంచు దూలం మీద చూడు."

ఆవిడ నన్ను కళ్ళకి పెట్టుకుంది. లాకు వైపు అంచు మీదికి తిప్పింది. నలభై ఏళ్ళ సున్నం కింద బెత్తెడు అక్షరాలు ఉబ్బెత్తుగా కనపడ్డాయి. నేను శాయశక్తులా దగ్గరికి తెచ్చి చూపించాను. కానీ అవేం అక్షరాలు! వంకరలు, కొక్కేలు, సున్నా. నాకే అర్థం కాలేదు.

"ఇది తెలుగే కాదు బావా" అంది, నన్ను దించి. "ఏదో అరవమో ఏందో. నా పేరు కాదు."

ఆయన లాక్కుని చూశాడు. చాలాసేపు చూశాడు. "నేను చెక్కిందే... చెక్క మీద బాగానే చెక్కానే..." అని గొణిగాడు.

"పోనీలే బావా, పద." ఆవిడ గొంతులో కోపం కూడా లేదు. దానికే భయమేసింది నాకు. వెళ్ళి స్కూటరు పక్కన అటు తిరిగి నిలబడింది. పుట్టాక మొదటిసారి నేను తలవంచుకున్నాను. దేన్నీ తిరగేసి చూపించనని విర్రవీగినదాన్ని, ఒక ఇల్లాలి పేరు సరిగ్గా చూపించలేకపోయాను.

ఉన్నట్టుండి అంకయ్య నెత్తి మీద ఠపీమని కొట్టుకున్నాడు.

"ఓరి నా బుద్ధి మండా! చెక్క మీద తిన్నగా చెక్కితే కాంక్రీటులో తిరగబడే పడుద్ది గదే! రబ్బరుస్టాంపు మీద అక్షరాలు ఎట్టుంటయ్యో చూళ్ళా? పంతొమ్మిదేళ్ళ ఎదవని, నాకు తట్టి చావలా. నాంచారీ, ఇటు రా, ఇటు రావే!"

స్కూటరు అద్దాన్ని వాటంగా పైకి తిప్పాడు, ట్యాంకు అంచు అందులో పడేదాకా. "ఇప్పుడు ఆ దుర్భిణి పెట్టుకుని అద్దంలోకి చూడు" అన్నాడు.

ఆవిడ ముఖం తుడుచుకుని, నన్ను పెట్టుకుని అద్దంలోకి వంగింది. నేను వెటకారం చేసిన అద్దం ఆ అక్షరాల్ని తిరగేసి నా ముందు పెట్టింది. నేను వాటిని దగ్గరికి తెచ్చాను.

"నాం... చా... రి" అని కూడబలుక్కుని చదివింది నాంచారమ్మ.

ఇంకోసారి చదివింది. తర్వాత ట్యాంకు నిచ్చెన మొదట్లో ఉన్న సిమెంటు పలక దగ్గరికి పరుగెత్తింది. కట్టిన సంవత్సరం, 1981. వాళ్ళ పెళ్ళి ఎనభై మూడులో. కండక్టరు సంబంధం ఊసు కూడా అప్పటికి లేదు. ఆవిడ ఆ పలక పట్టుకుని అక్కడే కూలబడి, ఒకపక్క ఏడుస్తూ ఒకపక్క నవ్వుతూ తిట్లు లంకించుకుంది.

"రెండేళ్ళు ముందే ఇంత మనసుంటే, మా నాన్నతో ఒక్క మాట చెప్తే నీ నోటి ముత్యాలు రాలిపోయేవా బావా? ట్యాంకుకి చెప్తావా?"

"మామయ్యంటే భయమే. ట్యాంకైతే కొట్టదుగా" అన్నాడాయన.

కుళాయి దగ్గరావిడ బిందె నిండి పొర్లిపోతున్నా చూసుకోలేదు. నోటు పుస్తకంలో ఆ రోజు "ఉంది" అని పడింది. అక్షరం కొంచెం అలికిపోయింది.

మర్నాడు ట్యాంకు పడగొట్టారు. ముక్క తెచ్చుకుందామా అని అంకయ్య అంటే, "ఎందుకు బావా, చూశాగా" అంది.

కానీ ఆవిడ బుర్రలో ఇంకోటి దొలుస్తోంది. పక్కన కడుతున్న కొత్త ట్యాంకు మేస్త్రిని అడిగి ఒక చిన్న చెక్క పెట్టనిమ్మంది. ఆయన కథంతా విని, "మీరు అడగడమూ, నేను కాదనడమూనా అత్తా" అన్నాడు. ఇక వారం రోజులు ఇంట్లో అంకయ్యని టీకొట్టుకి తరిమేసి, అద్దం ముందు పలక పెట్టుకుని తిరగరాత సాధన చేసింది. నాలుక బయటపెట్టి, ఉలి పట్టి, వేలు కోసుకుని మరీ తనే చెక్కింది. ఏం చెక్కిందో ఎవరికీ చెప్పలేదు.

కొన్ని నెలలకి, కొత్త ట్యాంకు చెక్కలు ఊడదీశారని కబురొచ్చిన ఆదివారమే వెళ్ళాం. ఈసారి నన్ను ఆయన చేతికిచ్చింది. "లాకు వైపు, పై అంచు" అంది.

కొత్త సిమెంటు మీద, తిన్నగా, ముద్దుగా, రెండే అక్షరాలు. "బావ."

అంకయ్య నన్ను ఎంతకీ దించలేదు. నా వెనకవైపు గాజులు చెమ్మగిల్లాయి. అది నా చెమ్మ కాదు.

"పేరు రాయొచ్చుగా?" అన్నాడు చివరికి.

"మొగుడి పేరు రాస్తారా ఎవరన్నా? అయినా ఆ పేరుతో నిన్ను లోకమంతా పిలుస్తది. ఇట్టా పిలిచేది నేనొక్కదాన్నే."

గుల్లలపాడులో ఇప్పుడు అదొక పెద్ద గొడవట. ఎవరి బావ, ఎవరు రాశారు అని. ఊళ్ళో మేనబావలంతా ఎవరికి వారు కాలరు సర్దుకుంటున్నారని జున్ను పెట్టిన ఊరివాళ్ళు చెప్పారు. నేను నోరు విప్పలేదు.

ఇక వెతకాల్సింది ఏమీ మిగల్లేదు. నన్ను గూట్లో పెట్టేస్తారనుకున్నాను, కొంచెం దిగులేసింది కూడా. కానీ తర్వాతి ఆదివారం తెల్లారకముందే వంటింట్లోంచి పులిహోర పోపు వాసన వచ్చింది. అంకయ్య గుడ్డ తీసి ముందు స్కూటరు అద్దాన్ని తుడిచాడు, తర్వాత నన్ను తుడిచాడు. ఆ వరసకి నేనేమీ అనుకోలేదు.

కాలవ గట్టెక్కాక, తాటితలల పైన ఒక బుర్ర లేచింది.

"బావా, అదిగో!"