వార్తలమ్మ సవరణ

ఆవిడ రేడియోలో వార్తలు చదివి రిటైరైంది. గొంతు మాత్రం రిటైరవలేదు. కూరగాయలు బేరమాడుతుంటే కూడా ఎక్కడో ప్రభుత్వం పడిపోయినట్టే వినిపించేది. అపార్ట్‌మెంట్‌లో అందరికీ ఆవిడ వార్తలమ్మ.

ఫోనులో చిన్న అక్షరాలు కనపడని పెద్దవాళ్ల కోసం ఆవిడ ఒక పని పెట్టుకుంది. రోజూ పొద్దున్నే కాఫీ తాగి, గ్రూపుల్లో వచ్చినవన్నీ చదివి, రికార్డు చేసి అపార్ట్‌మెంట్ గ్రూపులో పెట్టేది. ట్యాంకు కడిగే రోజు, కరెంటు కోత, మోకాళ్ల నొప్పులకు చిట్కా, ఏదైనా సరే. ముందు "వార్తలు, చదువుతున్నది వార్తలమ్మ" అనాలి, చివర "ఇంతటితో సమాప్తం" అనాలి. పెద్దవాళ్లు దాని కోసం ఎదురుచూసేవారు. "విన్నామమ్మా" అని వాళ్లు పెట్టే జవాబు కోసం ఆవిడ అంతకన్నా ఎక్కువ ఎదురుచూసేది, పైకి ఒప్పుకునేది కాదు గానీ.

ఆ సోమవారం మరదలి దగ్గర్నుంచి ఒక మెసేజ్ వచ్చింది. "మన వీధి క్రెష్‌లో పిల్లలకు నిద్రమందు కలిపిన పాలు పడుతున్నారు. తల్లిదండ్రులారా, మేలుకోండి!" కింద చాప మీద వరసగా పడుకున్న పిల్లల ఫొటో. వార్తలమ్మ ఎప్పటిలాగే చదివేసింది. 'నిద్రమందు' ముందు చిన్న విరామం కూడా ఇచ్చింది. అలాంటి విరామాలకు ఆవిడకు ఒకప్పుడు పెద్ద పేరు.

క్రెష్ ఉన్నది ఆ అపార్ట్‌మెంట్ కింది అంతస్తులోనే. నడిపే మనిషిని పిల్లలంతా అత్త అంటారు కాబట్టి పెద్దలకూ ఆమె క్రెష్ అత్తే. మధ్యాహ్నానికల్లా తల్లులు ఆఫీసుల నుంచి పరుగున వచ్చి, నిద్రపోతున్న పిల్లల్ని నిద్రలోనే ఎత్తుకుపోయారు. నిప్పు లేనిదే పొగ రాదు కదా అని లిఫ్టులో అనుకున్నారు. సాయంత్రం క్రెష్ అత్త పైకొచ్చి వార్తలమ్మ గుమ్మంలో నిలబడింది.

"అక్కా, ఆ మాట మీకెవరు చెప్పారు?"

"చెప్పడమేమిటమ్మా, ఫోనులో వచ్చింది. వచ్చింది చదివాను."

"ఎవరు రాశారు?"

"మన వీధి అని ఉందిగా..."

"ఎవరి వీధి అక్కా?"

వార్తలమ్మ ఫోను తీసి ఆ మెసేజ్ మళ్లీ చదివింది. క్రెష్ అత్త వెళ్లాక మరదలికి ఫోను చేసింది.

"ఏమో వదినా, మా ఆఫీసు గ్రూపులో వచ్చింది. వాళ్లకెవరు పంపారో! మా వీధిలో అసలు క్రెష్షే లేదు. మీ ఇంటి కింద ఉంది కదా అని మీకు పంపాను."

వార్తలమ్మ ఫోను పెట్టేసి కూర్చుండిపోయింది. స్టూడియోలో ఆవిడ చేతికొచ్చే ప్రతి కాగితం మీదా ఎడిటర్ సంతకం ఉండేది. ఆ కాగితం వెనక ఒక గది నిండా మనుషులు ఫోన్లు చేసి, అనుమానపడి, పోట్లాడుకుని, సగం కొట్టేసేవారు. మిగిలింది ఆవిడ చదివేది. జనం నమ్మింది తన గొంతునని ఇన్నాళ్లూ మురిసిపోయింది. వాళ్లు నమ్మింది ఆ గదిని. అందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడినట్టయింది. ఆవిడకు తల కొట్టేసినట్టుంది.

సిగ్గుపడ్డ మనిషి వెంటనే మంచి పని చేస్తుందని ఎవరన్నారు? వార్తలమ్మ చేసింది దొంగపని. గప్‌చుప్‌గా ఆ రికార్డింగును డిలీట్ చేసేసి పడుకుంది. పొద్దున్నకి గ్రూపంతా అదే మాట: "చూశారా, ఎవరో బెదిరించి తీయించారు!"

అప్పుడు క్రెష్ అత్త మళ్లీ వచ్చింది. ఈసారి కళ్లు వాచి ఉన్నాయి.

"పిల్లల సంగతి తర్వాత అక్కా. మా అమ్మకి చూపు లేదు కదా, మీ వార్తలే ఆవిడ పేపరు. నిన్న కూడా రోజూలాగే ఫోను చెవి దగ్గర పెట్టి, గిన్నెలు కడుక్కోవడానికి పోయాను. ముందు నేనైనా వినలేదు. నిన్నటినుంచి నేనిచ్చిన పాలు ముట్టడం లేదు. గ్లాసు తోసేస్తోంది."

వార్తలమ్మ చెప్పులు కూడా వేసుకోకుండా కిందికి దిగింది. క్రెష్ గదిలో చిన్న చిన్న కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. లోపల మంచం మీద పెద్దావిడ గోడవైపు తిరిగి పడుకుంది.

"అమ్మా," అంది వార్తలమ్మ. సిగ్గుతో గొంతు పీలగా వచ్చింది. "ఆ మాట అబద్ధం. తప్పు నాది."

"ఎవరు నువ్వు?"

"వార్తలు చదివేదాన్నమ్మా."

"ఆవిడ గొంతు నాకు తెలీదా? ఆవిడ తప్పు చదవదు. నిన్ను మా అమ్మాయి పిలుచుకొచ్చిందా?"

వార్తలమ్మకు భూమి చీలితే బాగుండుననిపించింది. తన సర్వీసులో ఒక్క సవరణ కూడా చదవలేదని ఆవిడ అందరికీ గొప్పగా చెప్పుకునేది. నేల మీదే కూర్చుని, నడుం నిటారుగా పెట్టి, ఫోనులో రికార్డు నొక్కింది.

"వార్తలు. చదువుతున్నది వార్తలమ్మ. ముందుగా ఒక సవరణ."

పెద్దావిడ ఇటు తిరిగింది.

"మన అపార్ట్‌మెంట్ క్రెష్ గురించి నిన్న నేను చదివినది అబద్ధం. ఎవరు రాశారో, ఏ ఊళ్లో జరిగిందో, అసలు జరిగిందో లేదో నేను కనుక్కోలేదు. కింది అంతస్తుకి దిగి అడిగితే సరిపోయేది. అడగలేదు. రికార్డింగు తీసేసింది నేనే, నన్నెవరూ బెదిరించలేదు. భయపడి తీసేశాను. ఇంతటితో..." సమాప్తం అనకుండానే రికార్డు ఆపేసింది.

పెద్దావిడ లేచి కూర్చుంది.

"నిన్నా ఇదే గొంతుతో చెప్పావు," అంది. "ఇవాళ్టిది మాత్రం కనుక్కున్నావా?"

 తల్లి కోసం కూతురు తెచ్చిన పాలగ్లాసు వార్తలమ్మ అందుకుని సగం తాగింది.

"ఇప్పుడే తాగానమ్మా. ఉత్త పాలు."

పెద్దావిడ చెయ్యి చాచి, తడుముకుని గ్లాసు తీసుకుంది. మిగిలిన సగం మెల్లగా తాగింది. కూతురు కొంగుతో తల్లి మూతి తుడిచింది.

వార్తలమ్మ లేచి, రికార్డు చేసినది గ్రూపులో పెట్టింది. గుమ్మం దగ్గర ఆగి, "వెళ్లొస్తానమ్మా" అంది.

క్రెష్ అత్త తలెత్తలేదు. ఇన్నేళ్లుగా అక్కా అని తప్ప పిలవని మనిషి, ఖాళీ గ్లాసు పట్టుకుని, "మంచిదండీ" అంది.