మసి పూయని ఆకు

నేను ఒక గంటాన్ని. తాటాకు మీద రాసే ఇనప పుల్లని. అంతకుముందు బల్లెం మొనని. అది విరిగితే కమ్మరి కాల్చి, సాగగొట్టి, ఒక కొసన ములుకు తీశాడు. రెండో కొసన ఆకు కోసే చిన్న కత్తి పెట్టాడు.

నన్ను కొన్నది దేచయ. రాజుగారి దగ్గర రాయసం, అంటే ఉత్తరాలు రాసే ఉద్యోగి. పొరుగు రాజుల దగ్గరకు రాయబారం వెళ్లేదీ ఆయనే. ఆయనకొక అలవాటు. ఆకు మీద నేను గీసినది మసి పూస్తే గాని కంటికి కనపడదు. రాజు కోపంలో చెప్పిన ఉత్తరానికి దేచయ ఆ పూట మసి పూసేవాడు కాదు. తెల్లారేసరికి రాజే, "అది పారెయ్యవయ్యా" అనేవాడు.

ఒకసారి అలా కాలేదు. రేవు నుంచి వస్తున్న మా గుర్రాల్ని ఏటి అవతలి రాజు పట్టుకున్నాడు. "వాటిని పంపకపోతే నీ కోట దున్నించి ఆముదాలు చల్లిస్తా" అని మా రాజు రాయించాడు. అప్పుడే ముద్ర వేసి, అప్పుడే బయల్దేరమన్నాడు. రాజులు ముద్ర చూస్తారు, అక్షరాలు చూడరు. మసి లేకుండానే ఏరు దాటాం. అది చదివితే యుద్ధమే. ముందు తెగేది తెచ్చినవాడి తల.

కోట వాకిట్లో కావలివాడు నన్ను లాక్కున్నాడు.

"ఏందయ్యా ఇది, కత్తా?"

"ఒక పక్క కత్తి. ఒక పక్క గంటం."

"మరి నువ్వు ఏ పక్కతో వచ్చావు?"

"రాసే పక్కతోనే నాయనా."

వాడు నవ్వి వదిలాడు.

సభలో ఆకు అక్కడి రాయసం ఐతయ చేతికి వెళ్లింది. ఆయన దాన్ని వెలుగుకు పట్టి, బొటనవేలి గోరుతో తడిమాడు. పని తెలిసినవాడికి గోరు చాలు. అంతా తెలిసింది. దేచయ వైపు ఒకసారి చూశాడు.

"ఏమని రాశారయ్యా?" అన్నాడు రాజు.

"మసి లేదు ప్రభూ. కంటికి ఆనడం లేదు. వచ్చినాయన నోటితోనే విందాం."

"మీ రాజింట మసికి కూడా కరువా?"

"పొయ్యి రాజెయ్యకముందే తరిమారు ప్రభూ. గుర్రాల మీద బెంగ" అన్నాడు దేచయ.

"బెంగేనా, నా మీద కోపమా?"

"కోపమైతే ఏనుగుల్ని పంపేవారు. నన్ను పంపారు."

దేచయ బక్కమనిషి. రాజు ఆయన్ను ఎగాదిగా చూసి పగలబడి నవ్వాడు. రెండు మంచి గుర్రాలు తను ఉంచుకుని మిగతావి ఇచ్చేశాడు.

వెళ్లేటప్పుడు దేచయ నన్ను ఐతయ చేతిలో పెట్టాడు. ముద్ర పడ్డ ఆకును కాల్చకూడదు గనక, ఐతయ దాన్నీ నన్నూ ఒకే గుడ్డలో చుట్టి పెట్టెలో వేశాడు. మసి మాత్రం పూయలేదు.

ఎన్ని వందల ఏళ్లు గడిచాయో. ఇప్పుడు మ్యూజియంలో ఉన్నాం. పోయినేడు ఒకమ్మాయి చేతులకు తొడుగులు వేసుకుని ఆకుకు నూనె రాసి మసి పూసింది. అక్షరాలు నల్లగా లేచాయి. "సార్, యుద్ధం సార్!" అని కేకేసింది. పెద్దాయన పరిగెత్తుకొచ్చాడు. ఇద్దరికీ ఎంత సంతోషమో.

ఇప్పుడు అద్దం మీద చీటీ ఉంది. ఆకు కింద, 'రెండు రాజ్యాల మధ్య ఘోర యుద్ధానికి ఆధారం.' నా కింద, 'చిన్న కత్తి. బహుశా ఆ యుద్ధంలో వాడినది.'

నా ములుకు ఎప్పుడో తుప్పు పట్టి రాలిపోయింది. కత్తి పక్కే మిగిలింది. దిద్దడానికి దేచయ కూడా లేడు.